పెద్దమందడి గాలిమోటరు

నాగర్‌కర్నూల్,
జూన్ 20, 2009.

తమ్ముడు శ్రవణ్‌కు,

ఫోన్లో చెబితే మాట పూర్తికాకముందే "సిగ్నల్ లేదక్కా" అని పెట్టేస్తావు. కాగితానికి సిగ్నల్ అక్కర్లేదు కాబట్టి రాస్తున్నాను. కూర్చుని చదువు.

మొన్న మా బడి అటెండరు వనపర్తి పోయి వచ్చి, స్టాఫ్ రూములో అందరి ముందు, "మేడం, మీ బిడ్డ పెద్దమందడి కాడ గాలిమోటర్ల పోతుంటె చూసిన, చెయ్యి గూడ ఊపింది" అన్నాడు. నేను నవ్వాను. నవ్వక ఏం చేస్తాను? కన్నతల్లికి తెలియని సంగతి అటెండరుకు తెలిసిందని ఆ పదిమందిలో ఒప్పుకోవాలా? ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

అర్చనను వనపర్తి హాస్టల్లో పెట్టింది బీఎడ్ చదవడానికి. పక్కనే పెద్దమందడిలో మన పొలం ఉంది, మేనమామ వస్తూ పోతూ పిల్లను చూస్తాడని ధైర్యం. చూడమంటే నువ్వు చూసిన చూపు ఇదా?

ఆ విమానం సంగతి నాకు తెలియదా? ఎక్కడో మూతపడిన ఫ్లయింగ్ క్లబ్బులో ఎండకు ఎండి, వానకు తడిసిన రెండు సీట్ల డొక్కు. రెక్కలు విప్పి లారీ మీద నువ్వు తెచ్చిననాడు ఊరంతా పెండ్లికి వచ్చినట్టు వచ్చారు, మరదలు ఒక్కతే లోపల కూర్చుని ఏడ్చింది. గద్వాలలో పత్తి విత్తనాల వ్యాపారం చేసుకునేవాడికి ఈ పిచ్చి ఏమిటని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. నీ ప్రాణం నీ ఇష్టమని ఊరుకున్నాను. కానీ నా బిడ్డ ప్రాణం నీ ఇష్టం కాదు.

అది పరుగెత్తే మెట్ట చెలక నాన్న నా పేరున రాసింది. ఈ యాసంగికి దున్నించి వేరుశనగ బుడ్డలు వేయిస్తాను. వెంకట్రాములుకు కౌలుకిస్తానని మాట కూడా ఇచ్చాను. ఆలోగా దాన్ని అమ్ముకుంటావో, పాత ఇనుప సామాను వాడికి తూకానికి వేస్తావో నీ ఇష్టం.

అక్క,
జయశ్రీ.


గద్వాల,
జూలై 5.

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది, రెండోసారి భయమేసింది. నువ్వు అన్నంత పనీ చేస్తావని ఇంట్లో ఎవరికి తెలియదు?

డొక్కు అన్నావు, అదొక్కటి మాత్రం ఒప్పుకోను. నువ్వు రోజూ ఎక్కే బస్సుకు బ్రేకులు ఎవరు చూశారో, ఎప్పుడు చూశారో నీకు తెలుసా? దీనికి మర బిగించినా, విప్పినా ఎవరో ఒకరు పేరు పెట్టి సంతకం చేయాలి. హైదరాబాదు నుంచి ఇంజనీరు జోసెఫ్ వచ్చి సంతకం పెట్టందే నేను తాళంచెవి కూడా ముట్టను. పోయిన నెల ఒక సిలిండరులో బలం తగ్గిందన్నాడు. మాకైతే తేడా తెలియలేదు, నడుస్తోంది కదా అన్నాను. "నడుస్తున్నదని నమ్మితే బండికైతే సరే సార్, రోడ్డు పక్కకు ఆపుకుంటరు. దీన్ని ఏడ ఆపుతరు?" అన్నాడు. విప్పి పంపించాం, అది తిరిగి వచ్చేదాకా విమానం షెడ్డులోనే ఉంటుంది.

ఎగరడం కంటే కాపాడుకోవడమే ఎక్కువ పని అక్కా. రాత్రికి రాత్రి ఎలుకలు వైర్లు కొరుకుతాయి. పిచ్చుకలు ఇంజను సందులో గడ్డి పేరుస్తాయి. మన చెలక మొరం రాళ్లు ఎగిరి ముందరి పంకా అంచును కొడితే ఆకురాయితో నున్నగా దిద్దాలి. పొద్దున్నే ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోలు గాజు గొట్టంలోకి వంచి, అడుగున నీళ్లు నిలిచాయేమో చూడాలి. గొర్లు అడ్డం రాకుండా పొలం చూసుకునే తిమ్మమ్మ కర్ర పట్టుకుని కాపలా ఉంటుంది. ఇంతమంది ఇన్ని కండ్లతో చూసుకునే దాన్ని ఇనుప సామాను అంటే మనసు నొచ్చింది.

అర్చన విషయం: ఎక్కించాను, నీకు చెప్పకపోవడం తప్పే. కానీ ఒక మాట రాయకుండా ఉండలేను. పైన ఉన్నంతసేపూ నోరు తెరవలేదు. దిగాక షెడ్డు గోడకు ఆనుకుని ఏడ్చింది. భయపడ్డావా అమ్మా అంటే, "లేదు మామా. ఇగ నాతోని బీఎడ్ కాదు" అంది. నేనేమీ నూరిపోయలేదు, నమ్ము.

దసరా దాకా గడువు ఇవ్వు. మైసూరు వైపు వాళ్లెవరో కొంటామంటున్నారు, పండుగ తర్వాత వచ్చి చూస్తారు. మంచి చేతుల్లో పెడతాను.

తమ్ముడు,
శ్రవణ్ కుమార్.


నాగర్‌కర్నూల్,
ఆగస్టు 2.

శ్రవణ్,

దసరా దాకా అన్నావు, సరే. మీ బావ కూడా "వానికి జర టైమియ్యి, గుంజితె తెగుతది" అన్నాడు. మీ బావ ఏడాదికి ఒకసారి నోరు విప్పుతాడు, అదీ నీ తరఫునే.

బీఎడ్ కాదన్నదని రాశావు. నాకు ఇంతవరకు చెప్పలేదు. ఇరవై రెండేళ్లు పెంచినదాన్ని, నాకు చెప్పని మాట నీకు చెప్పిందంటే ఎవరి మీద కోపపడాలో తెలియడం లేదు. నా చిన్నప్పుడు టీచరవుతానంటేనే నాన్న ఆరు నెలలు మాట్లాడలేదు, నువ్వు అప్పుడు పాలు తాగే పిల్లవాడివి. అందుకని దాన్ని వద్దనే ముందు ఆలోచించనా అంటే ఆలోచిస్తాను. కానీ పొలంలో, షెడ్డులో, మామ పక్కన కూర్చుని నేర్చుకునే విద్య కాదు విమానం నడపడం.

నాకు ఒక్కటి కావాలి. అర్చనను మళ్లీ ఎక్కించనని అలంపూర్ జోగులాంబ మీద ఒట్టు వేసి రాయి. చుట్టూ తిప్పి వద్దు, ఒక్క వాక్యం చాలు.

జయశ్రీ.


గద్వాల,
సెప్టెంబరు 14.

అక్కా,

సిలిండరు వచ్చింది, బిగించాం, జోసెఫ్ సంతకం పెట్టాడు. విత్తనాల పని మీద ఊపిరాడక జవాబు ఆలస్యమైంది.

ఇక షెడ్డుకు రావద్దని అర్చనకు చెప్పాను. "సరే మామా" అంది.

ఈ దసరాకు పెద్దమందడికి రా. బండ్లకు, మోటార్లకు అందరూ పూజ చేసుకుంటారు, ఈ విమానానికి ఇదే ఆఖరి దసరా. కొన్ననాటి నుంచి నువ్వు దాని ముఖం చూడలేదు. పంపించేటప్పుడైనా నీ చేత్తో బొట్టు పెట్టు. మిగతా మాటలు ఎదురుగా మాట్లాడుకుందాం.

శ్రవణ్.


నాగర్‌కర్నూల్,
సెప్టెంబరు 30.

తమ్మీ,

చేరాము. దారి పొడుగునా వాన, బస్సు కురుస్తూనే ఉంది, మీ బావ గొడుగు బస్సులోనే విప్పాడు.

వచ్చి మంచిపని చేశానని అనిపించింది. తెల్లగా కడిగి నిలబెడితే అంత భయంగా లేదు, చిన్నగా ఉంది. ఇంత చిన్నదా నన్ను ఇన్నాళ్లు నిద్రపోనివ్వనిది అనుకున్నాను. పూజ లోటు లేకుండా చేశాను. చక్రాలకు, ముక్కుకు, పంకాకు, తలుపులకు పసుపు రాసి కుంకుమ పెట్టాను. ఎడమ పక్కన తలుపుకు ముందర బొడ్డులాగా ఒక బిళ్ల, మధ్యలో సన్న రంధ్రం ఉంది కదా, తిమ్మమ్మ దాన్ని చూపించి, "అది దాని కన్నమ్మా, దానికి గూడ పెట్టు" అంది. పసుపు నూనెలో కలిపి గట్టిగా అద్ది కుంకుమ పెట్టాను. కన్నయితే దిష్టి తగలకూడదు కదా. నిమ్మకాయలు తొక్కించావు, కొబ్బరికాయ ఒక్క దెబ్బకు పగిలింది. నాకు తృప్తిగా ఉంది.

ఒట్టు మాత్రం ఎగ్గొట్టావు. నేను అడగబోయినప్పుడల్లా గారెలు వడ్డించావు. ఎలాగూ పోయేదే కదా అని పండుగపూట నేనూ వదిలేశాను.

వాన తగ్గేదాకా పెద్దమందడిలోనే ఉండు. తడుచుకుంటూ గద్వాల పోకు.

అక్క.


పెద్దమందడి,
అక్టోబరు 7.

అక్కా,

ఇక్కడ ఫోన్లు ఇంకా కలవడం లేదు. ఈ ఉత్తరం నాగర్‌కర్నూల్ వస్తున్న మనిషి చేతికిస్తున్నాను. ముందుగా, సుగుణమ్మ చిన్నమ్మ క్షేమం. అలంపూర్‌లో వరద నీళ్లు ఇంటి దూలాల దాకా వచ్చాయట. పక్కింటి వాళ్ల మిద్దె మీద రెండు రోజులు ఉండి, పడవలో బయటపడింది. పులిహోర పొట్లాలు తిని తిని విసుగొచ్చిందని తిడుతోంది, అంటే బాగానే ఉంది.

రెండోది, నువ్వు వేరేవాళ్ల నోట వినకముందే నేనే చెబుతున్నాను. మూడో తారీఖున విమానం తీశాను. చిన్నమ్మ ఉందో లేదో తెలియదు, బీచుపల్లి దగ్గర కృష్ణ దారి మూసేసింది, విత్తనాలు పండించే మా రైతుల ఊళ్లు ఏమయ్యాయో తెలియదు. మధ్యాహ్నం వాన వెలిసింది. రేడియోలో అనుమతి అడిగాను, ఇచ్చారు. ఒక్కణ్నే పోయాను.

లేచిన కాసేపటికే ఎత్తు చూపే ముల్లు కదలడం లేదని గమనించాను. నేల మీద ఎంత చూపిందో అంతే చూపిస్తోంది. వేగం ముల్లేమో పైకి పోతున్న కొద్దీ పడిపోతోంది. వెనక్కి తిప్పుదామనుకునేలోపు మబ్బు కమ్మేసింది. వేగం తగ్గితే విమానం రాయిలా పడిపోతుంది, అందుకని ముక్కు కిందికి వంచాను. ముల్లు ఇంకా తక్కువే చూపింది, ఇంకా వంచాను. మబ్బు చిరిగేసరికి కింద కృష్ణ ఉంది. నది అంటే నది కాదక్కా, ఎటు చూసినా ఎర్రటి నీళ్లు, ఆ నీళ్లలో కరెంటు స్తంభాల కొసలు, తీగలకు చిక్కుకున్న గడ్డివాము. ఆ తీగలు మా చక్రాలకు ఎంత దగ్గరగా ఉన్నాయో రాయను. వేగం మొదటి నుంచీ సరిగానే ఉంది, అబద్ధం చెప్పింది ముల్లు. దాన్ని నమ్మి నేనే నీళ్లలోకి దించుతున్నాను.

లాగి పైకి లేపాను. మళ్లీ మబ్బు. ఆ ముళ్లన్నీ బయటి గాలి పీడనాన్ని ఒక సన్న రంధ్రం నుంచి తీసుకుంటాయి. అది మూసుకుపోతే అన్నీ గుడ్డివే. అప్పుడు ఒక డయలు అద్దం పగలగొడితే లోపలి గాలి వాటికి అంది పనిచేస్తాయని జోసెఫ్ ఎప్పుడో చెప్పాడు. టార్చితో కొట్టి పగలగొట్టాను. ముళ్లు ఒక్కసారి ఎగిరిపడి తిరిగాయి. వాటిని చూసుకుంటూ తిరిగొచ్చి మన చెలకలో దిగాను. దిగాక తిమ్మమ్మ నీళ్లిచ్చింది.

జోసెఫ్ వచ్చి చూశాడు. ఆ రంధ్రంలో కుమ్మరి పురుగు మట్టి పెట్టిందట. వానాకాలం కదా.

నాకేమీ కాలేదు. భయపడకు.

శ్రవణ్.


వనపర్తి,
అక్టోబరు 18.

శ్రవణ్ కుమార్‌కు,

అర్చన హాస్టల్ వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఇంటికి పోయేదాకా ఆగితే కోపం తగ్గుతుందేమో, తగ్గకూడదని ఇక్కడే రాస్తున్నాను.

దాని కుడి అరచేతికి కట్టు ఉంది. గాజు గ్లాసు పగిలిందంది. బడిలో పాతికేళ్లుగా పిల్లల అబద్ధాలు వింటున్నదాన్ని, గ్లాసు పగిలితే వేళ్లు తెగుతాయి గానీ అరచేతి అంచు ఎందుకు తెగుతుంది? వార్డెనును అడిగితే, మూడో తారీఖున మామ దగ్గరికని చెప్పి పొద్దున్నే పోయిందని చెప్పింది. అప్పుడు కూర్చోబెట్టి అడిగాను. చెప్పింది. ఏడవకుండా, తల దించకుండా మొత్తం చెప్పింది.

టార్చితో కొట్టావా శ్రవణ్? నీ రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయట కదా. టార్చి సీటు కింద దొర్లిపోతే నా బిడ్డ పిడికిలితో కొట్టిందట. ఒక్క దెబ్బకు పగల్లేదట, మళ్లీ కొట్టిందట. కింద తీగలు కనబడ్డప్పుడు "మామా, లేపు" అని అరిచింది కూడా ఇదేనట. "ఒక్కణ్నే పోయాను" అని నీ చేత్తో ఎలా రాశావురా? రాసేటప్పుడు ఒక్కసారి కూడా చెయ్యి ఆగలేదా?

ఇంకొకటి కూడా చెప్పింది. కుమ్మరి పురుగు లేదు, మట్టీ లేదు. జోసెఫ్ సూదితో తీస్తే పసుపు వచ్చిందట, లోపలి దాకా గట్టిపడిన పసుపు. కన్ను అనుకుని నేను అద్దిన పసుపు. నా చేతులు ఇప్పుడు కూడా చూసుకుంటున్నాను. బిడ్డ చల్లగా ఉండాలని పెట్టిన బొట్టుతో బిడ్డను కృష్ణలో ముంచబోయాను. అది నాకు తెలియకూడదని నువ్వు, అర్చన కూడబలుక్కుని పురుగు మీదికి నెట్టారు. ఎవరు అడిగారు మిమ్మల్ని ఈ దయ? నేను ఏం చేశానో తెలుసుకునే హక్కు నాకు లేదా?

నేను తప్పు చేశాను కాబట్టి ఇక నోరు మూసుకుంటానని మాత్రం అనుకోకు.

జయశ్రీ.


గద్వాల,
అక్టోబరు 24.

అక్కా,

ఇప్పుడు రాసేదాంట్లో దాపరికం లేదు.

ఆ రోజు అర్చన తనంతట తనే షెడ్డు దగ్గరికి వచ్చింది. వద్దన్నాను. "నువ్వు నడుపుతవా, సుగుణమ్మ అవ్వను ఎతుకుతవా? కిందికి చూడనీకె ఇంకో మనిషి ఉండాలె" అంది. ఆ మాట నిజం. కానీ నిజమని కాదు నేను ఎక్కించుకుంది. ఒంటరిగా పోవడానికి నాకు భయమేసింది. ఇది మీ మరదలికి కూడా చెప్పలేదు.

రెండోది. నీ చేతులు చూసుకోకు. ఎగిరే ముందు చుట్టూ తిరిగి ప్రతిదీ ముట్టి చూడటం నా పని. ఆ రంధ్రం దగ్గరికి వచ్చాను. ప్రతిసారి గుడ్డతో తుడిచి, తెరిచి ఉందో లేదో చూసేవాణ్ని. ఆ రోజు గుడ్డ చేతిలోనే ఉంది. బొట్టు కనబడింది. పూజ చేసిన బొట్టు దానంతట అది రాలిపోవాలి గానీ చేత్తో తుడిచేస్తే అరిష్టమని అమ్మ అనేది కదా. నీళ్లలో ఊళ్లు మునుగుతున్న రోజు, అక్క పెట్టిన బొట్టు తుడిచి బయలుదేరడానికి నాకు చెయ్యాడలేదు. దండం పెట్టుకుని ముందుకు పోయాను. ఆ బొట్టు కింద ఏముందో నీకు తెలియదు, నాకు తెలుసు. తెలిసి కూడా తుడవలేదు.

నువ్వు తట్టుకోలేవని పురుగు పేరు చెప్పాను. నిజానికి నా సంగతి బయటపడుతుందని కూడా చెప్పాను. రెండూ ఉన్నాయి, ఏది ఎక్కువో నాకే తెలియదు.

కొత్త అద్దం బిగించారు, అన్నీ పరీక్షించారు. కొనేవాళ్లు హైదరాబాదుకు తెచ్చి అప్పజెప్పమన్నారు. చెలక దున్నించుకో. అడ్డు చెప్పడానికి నాకు నోరు లేదు.

శ్రవణ్.


నాగర్‌కర్నూల్,
నవంబరు 9.

తమ్మీ,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. తర్వాత ఆయన లేచి టీ పెట్టాడు, పెండ్లయినప్పటి నుంచి అది మూడోసారో నాలుగోసారో.

నీ మీద కోపం పోలేదు. ఎప్పటికి పోతుందో తెలియదు. కానీ భయమేసి ఎక్కించుకున్నానని రాశావు చూడు, అది చదివాక నిన్ను తిట్టడానికి పెట్టుకున్న మాటలు సగం పనికి రాకుండా పోయాయి.

అర్చనను ఇంటికి పిలిపించి అడిగాను. మళ్లీ ఎక్కుతావా అంటే, "ఎక్కుత" అంది. భయం కాలేదా అంటే, "మస్తు భయమైంది. అయినా ఎక్కుత" అంది. భయం కాలేదని చెప్పి ఉంటే వద్దనేదాన్ని. హైదరాబాదు ఫ్లయింగ్ స్కూలు కాగితాల మీద నిన్న సంతకం పెట్టాను. బీఎడ్ ఫీజు గంగలో కలిసింది. అక్కడ నేర్పేవాళ్లు ఉంటారు, తప్పు చేస్తే తిట్టేవాళ్లు ఉంటారు, మేనమామ ఉండడు.

చెలక మాత్రం దున్నుతాం. నాకు చెప్పకుండా మీరిద్దరూ ఎగరడానికి వీలు కల్పించిన నేల అది, అలా ఉండనివ్వను. వెంకట్రాములు సోమవారం ట్రాక్టరు తెస్తున్నాడు. కాబట్టి ఆదివారం పొద్దున్నే నువ్వు విమానం తీసుకుని హైదరాబాదు పోవాలి. పక్క సీట్లో అర్చన కూర్చుంటుంది. అవును, నేనే చెబుతున్నాను. నేను, మీ బావ శనివారమే పెద్దమందడికి వస్తాం.

మూడో తారీఖు పొద్దున హాస్టల్ ఫోన్లో అది నాతో మాట్లాడింది. "సబ్బులు అయిపోయినయి, కొబ్బరినూనె గూడ పంపు" అంది. ఆ రోజు తీగలు తగిలి ఉంటే, నా బిడ్డ నాతో అన్న ఆఖరి మాట అదే అయ్యేది. మూడు వారాలుగా బడిలో, వంటింట్లో, బస్సులో అదే చెవిలో పడుతోంది. నా చెయ్యి చేసిన తప్పు కంటే, నీ అబద్ధం కంటే నన్ను ఎక్కువ తిన్నది అదే శ్రవణ్.

అందుకని ఆదివారం తొందర పెట్టకు. ఇంజను స్టార్ట్ చేశాక నాకేమీ వినబడదు, అంతకుముందే దాన్ని నా ముందుకు పంపు. "పోయొస్తనమ్మా" అని నా ముఖం చూసి చెప్పి ఎక్కమను. "పోయిరా బిడ్డా" అనేంత ధైర్యం ఆదివారం నాటికి నాకు రావాలి.

అక్క,
జయశ్రీ.